అర్జీ మా పల్లెది, తీర్పు ఊరిది

2025 ఏప్రిల్ 14. కృష్ణా డెల్టాలోని మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. బాబాసాహెబ్ ఫొటోకి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చాక్లెట్లు పంచారు. పావుగంట తర్వాత అదే షామియానా కింద గ్రామసభ మొదలైంది. ముందు వరుస కుర్చీల్లో ఊరి పెద్దలు కూర్చున్నారు. మా పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్లు షామియానా నీడ అయిపోయిన చోట ఎండలో నిలబడ్డారు. వాళ్లలో మా అమ్మ ఉంది. ఆమె చేతిలో సమాధుల దొడ్డికి దారి చూపించమని అడిగే అర్జీ ఉంది. అది ఏడో అర్జీ.

పంచాయతీ కార్యదర్శి అర్జీ మీద కళ్లు తిప్పి, మడిచి, తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. "ఇది ఇక్కడ తేలేది కాదమ్మా, ఊళ్లో పెద్దలతో మాట్లాడుకుని రండి" అన్నాడు.

ఆయన కోపంగా అనలేదు. నిజానికి మర్యాదగానే అన్నాడు. అందుకే ఈ మాట గురించి రాయాలనిపించింది. మా పల్లెల నుంచి వెళ్లే ప్రతి అర్జీకీ చివర్లో దొరికే సమాధానం ఇదే. వీఆర్వో చెప్తాడు, తహసీల్దార్ చెప్తాడు, స్టేషన్లో ఎస్సై చెప్తాడు. అందరూ దీన్ని సలహాలాగా చెప్తారు. నా దృష్టిలో ఇది తీర్పు. మా ఫిర్యాదు ఎవరి మీద ఉందో, వాళ్లనే న్యాయమూర్తులుగా కూర్చోబెట్టే తీర్పు.

నేను స్థానిక పాలన మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. గ్రామసభ గురించి ఎన్నో సెమినార్లలో విన్నాను. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అన్నారు, చర్చా ప్రజాస్వామ్యం అన్నారు, అట్టడుగు గొంతులకు వేదిక అన్నారు. నా సినాప్సిస్‌లో నేనూ ఆ మాటలు రాశాను. ఆ సభలో పరిశోధకుడిగా నోట్‌బుక్‌తో కూర్చోవాలో, కొడుకుగా అమ్మ పక్కన ఎండలో నిలబడాలో తేల్చుకోవాల్సి వచ్చిన రోజు ఆ మాటల బరువెంతో తెలిసింది.

దారి రికార్డులో ఉంది, నేల మీద లేదు

2022 ఆగస్టులో మా నాయనమ్మ చనిపోయింది. అప్పటికి ఊళ్లో నాట్లు అయిపోయాయి. పల్లె నుంచి సమాధుల దొడ్డికి అరకిలోమీటరు ఉంటుంది. సర్వే రికార్డు ప్రకారం అక్కడికి 12 అడుగుల డొంక ఉంది. రెండు వైపులా చేలున్న ఆసాములు ఏటా ఒక సాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చారు. డొంక గట్టుగా మిగిలింది. ఒక మనిషి నడిచే గట్టు మీద నలుగురు పాడె మోయలేరు. ఇద్దరు గట్టు మీద నడిచారు, ఇద్దరు మోకాలిలోతు బురదలో దిగి మోశారు. పాడె పక్కకు ఒరిగిపోతుంటే మా చిన్నాన్న వెనక నుంచి రెండు చేతులతో పట్టుకున్నాడు. నాటు తొక్కారని ఆసామి మనిషి అవతలి గట్టు మీద నుంచి అరిచాడు. "శవం అయ్యా, మీ కాళ్లు మొక్కుతా" అన్నాడు చిన్నాన్న. బతికినంత కాలం ఆ చేలల్లో నాట్లు వేసిన మనిషిని ఆఖరిసారి తీసుకెళ్లడానికి, ఆ నాట్లు తొక్కినందుకు మేం క్షమాపణ చెప్పాం.

ఆ ఏడాది అక్టోబరు గ్రామసభలో మొదటి అర్జీ పెట్టాం. తీసుకుని పక్కన పెట్టారు. రెండోది తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చాం. వీఆర్వో వచ్చి చూసి, "రాకపోకలకు దారి ఉన్నది, వివాదం లేదు" అని రాసి పంపాడు. గట్టు మీద ఒక మనిషి నడవగలడు కాబట్టి అది ఆయన లెక్కలో దారే. మూడోది జిల్లా కేంద్రంలో సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇచ్చాం. బస్సు చార్జీలకూ, ఒక పూట కూలికీ నీళ్లొదులుకుని అయిదుగురు ఆడవాళ్లు వెళ్లారు. మూడు వారాల తర్వాత అమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. అమ్మ సంతోషంగా నాకు ఫోన్ చేసింది. నేను ఊరు వెళ్లి చూస్తే డొంకలో మినుము చల్లి ఉంది.

నాలుగోది ఎంపీడీవోకి ఇచ్చాం. అది రెవెన్యూ పని అన్నారు. అయిదోది రెవెన్యూకి ఇస్తే పంచాయతీ తీర్మానం తెమ్మన్నారు. ఆరోసారి సర్వే కోసం చలానా కట్టాం. సర్వేయర్ వచ్చాడు. ఆసామి అరుగు మీద కాఫీ తాగాడు. పంట ఉండగా గొలుసు లాగడం కుదరదని చెప్పి వెళ్లిపోయాడు. ఏడోది నేను పైన చెప్పిన ఏప్రిల్ 14 అర్జీ.

ఇది ఒక ఊరి దురదృష్టం అనుకుంటే పొరపాటు. అర్జీ ప్రయాణించే దారి చూడండి. జిల్లా కేంద్రంలో ఇచ్చిన కాగితం డివిజన్‌కు వస్తుంది, డివిజన్ నుంచి మండలానికి, మండలం నుంచి ఊరికి వస్తుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ కార్యక్రమం పేరూ బోర్డూ మారాయి. యాప్ వచ్చింది, నంబరు వచ్చింది, గడువు వచ్చింది. మారనిది ఒక్కటే: చివరికి ఆ కాగితం, మొదట్లో మమ్మల్ని కాదన్న మనిషి బల్ల మీదకే చేరుతుంది. ఆయనే విచారణాధికారి, ఆయన రాసేదే నివేదిక. ఆ నివేదిక అప్‌లోడ్ కాగానే అర్జీ మూసుకుపోతుంది. పరిష్కారమైన అర్జీల శాతంలో మా నాయనమ్మ పాడె కూడా ఒక అంకె అయింది.

ఊరు అనే మాటలో ఎవరున్నారు?

"ఊళ్లో మాట్లాడుకోండి" అన్నప్పుడు ఆ ఊరు ఎవరు? మా భాషే జవాబు చెప్తుంది. మావాళ్లు "ఊళ్లోకి వెళ్లొస్తా" అంటారు. అదే పంచాయతీలో ఉన్న, అదే ఓటరు జాబితాలో ఉన్న మనిషి, కాలవ దాటితే ఊళ్లోకి వెళ్లినట్టు. అంటే పల్లె ఊళ్లో లేదు. గ్రామ పంచాయతీ అని చట్టం ఒకే ముద్ద చేసిన దాన్ని జనం నోరు రెండుగానే పలుకుతుంది. ఆ రెండిటి మధ్య తగాదా వస్తే, ఊళ్లో మాట్లాడుకోండి అనే అధికారి తగాదాలో ఒక పక్షాన్ని న్యాయస్థానంగా ప్రకటిస్తున్నాడు.

దీన్ని అంబేడ్కర్ ముందే చెప్పాడు. 1932లో బొంబాయి శాసనమండలిలో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు ఆయన దాన్ని తీవ్రంగా ప్రశ్నించాడు. ప్రతి ఊళ్లో అంటరానివారు చిన్న మైనారిటీ; వయోజనులందరికీ ఓటు ఇచ్చినా ఆ ఓటుతో వాళ్లు గెలవలేరు; ప్రత్యేక ప్రాతినిధ్యం లేని పంచాయతీకి అధికారాలు ఇవ్వడమంటే కులానికి అధికారాలు ఇవ్వడమే అన్నది ఆయన వాదన సారాంశం. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, గ్రామం గురించి మేధావులు పెంచుకున్న మమకారాన్ని చీల్చి చెండాడాడు. ముసాయిదా గ్రామాన్ని వదిలేసి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నాడు. ఆ సభలో చాలామందికి ఆ మాటలు రుచించలేదు. అదే నెలలో పంచాయతీల గురించి 40వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో చేరింది.

1992లో 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. 243ఏ గ్రామసభకు రాజ్యాంగ స్థాయి ఇచ్చింది. 243డీ జనాభా ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు కేటాయించింది. అంబేడ్కర్ 1932లో అడిగిన ప్రాతినిధ్యం ఆరు దశాబ్దాల తర్వాత కొంత దక్కింది. దాన్ని తక్కువ చేయను. కానీ 1948లో ఆయన అడిగిన ప్రశ్న మిగిలే ఉంది: ఊరు మొత్తాన్నీ ఒకే సముదాయంగా భావించి "గ్రామం నిర్ణయిస్తుంది" అన్నప్పుడు, ఆ గ్రామంలో విడి మనిషి హక్కుకు పూచీ ఎవరు?

సమాచార హక్కు చట్టం కింద మా గ్రామసభ మినిట్స్ నకలు తీసుకున్నాను. ఏప్రిల్ 14 సభ గురించి అందులో ఇలా ఉంది: గ్రామస్థులందరి ఏకాభిప్రాయంతో తీర్మానాలు ఆమోదించడమైనది. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన సమస్యలు: లేవు. కింద సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. ఆ వేలిముద్రల్లో మా అమ్మది కూడా ఉంది. హాజరు కోసమని సభ మొదట్లోనే వేయించుకున్నారు. మా సమస్య లేదనడానికి సాక్ష్యంగా మా వేలిముద్రనే వాడుకున్నారు. ఏకాభిప్రాయం ఎలా తయారవుతుందో చెప్పడానికి నా థీసిస్‌లో ఇంతకంటే మంచి ఆధారం ఇంకొకటి లేదు.

మహద్ నుంచి కారంచేడు దాకా

దారి, నీళ్లు, మురుగు కాలవ, వీధి దీపం లాంటివి చిన్న సమస్యలని మన క్యాంపస్ మిత్రులు కూడా అనుకుంటారు. వాటి కోసం అర్జీలు పెట్టడం సంస్కరణవాదమని, రాజ్యాన్ని బతిమాలడమని ఒకరు నాతో వాదించారు. ఆ మిత్రుడికి చరిత్ర గుర్తు చేయాలి.

1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు అంటరానివారు వాడుకోవచ్చని తీర్మానించింది. బోలే తీర్మానం అది. 1924లో మహద్ మున్సిపాలిటీ దానికి అనుగుణంగా తమ చెరువును తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. కాగితం మీద అంతా అయిపోయింది. ఇప్పటి భాషలో చెప్పాలంటే అర్జీ పరిష్కరించబడింది. కానీ చవదార్ చెరువులో ఒక్క అంటరాని మనిషి కూడా చెయ్యి ముంచలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగింది, రికార్డులో ఉన్న హక్కును నేల మీదకు తేవడానికే. ఆ తర్వాత దాడులు జరిగాయి, చెరువును శుద్ధి చేశారు, వ్యాజ్యం నడిచింది. 1937లో గానీ బొంబాయి హైకోర్టు తీర్పుతో ఆ వివాదం తేలలేదు. అంబేడ్కరిజం ఒక ఊరి నీళ్ల సమస్య దగ్గర వీధిలోకి వచ్చింది. అది చిన్న సమస్య అయితే మన ఉద్యమమే చిన్నది.

మన నేల మీద కారంచేడు ఉంది. తాము తాగే చెరువు నీళ్లు మురికి చేయొద్దని మాదిగలు అభ్యంతరం చెప్పడంతో అక్కడ గొడవ మొదలైంది. ఏ ఊళ్లోనైనా ఎవరైనా చెప్పగలిగిన మాట అది. దానికి జవాబుగా 1985 జూలై 17న ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి, పల్లె మొత్తం చీరాల శిబిరానికి తరలివెళ్లింది. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. పక్కింటివాడు చెబితే ఫిర్యాదుగా వినే మాటే, పల్లెవాడు చెబితే తిరుగుబాటుగా వినిపించడమే కులం. ఫిర్యాదులోని విషయం ఎంత చిన్నదైనా, ఫిర్యాదు చేయడమే పెద్ద నేరమైపోతుంది.

2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం అందరి విగ్రహాలతో పాటు ఉండాలని అడిగినందుకు దళితులను సాంఘికంగా వెలివేశారు. పనులకు పిలవలేదు. తమిళనాడులో వెంగైవాయల్ అనే చోట 2022 డిసెంబరులో దళితుల నీళ్ల ట్యాంకులో మలం కలిసిందని బయటపడింది. రెండేళ్లకు పైగా దర్యాప్తు చేసి, 2025 జనవరిలో వేసిన చార్జిషీటులో పోలీసులు ఆ దళితుల్లోని ముగ్గురినే నిందితులుగా చూపించారు. దాన్ని అక్కడి బాధితులు, దళిత సంఘాలు ఒప్పుకోలేదు. నేరం ఎవరిదో కోర్టులు తేల్చాలి. ఫిర్యాదు చేసిన వీధి మీదకే ఫిర్యాదు తిరిగి రావడం మాత్రం మన పల్లెలకు కొత్త కాదు.

11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిగిన సర్వే ఆధారంగా ఘనశ్యామ్ షా, ఆయన సహ రచయితలు 2006లో గ్రామీణ భారతంలో అంటరానితనం మీద పుస్తకం తెచ్చారు. నీటి వనరుల దగ్గర దళితుల పట్ల నిరాకరణ దాదాపు సగం గ్రామాల్లో కనిపించిందని అందులో ఉంది. ఆ గ్రామాలన్నిటికీ పంచాయతీ ఉంది. పంచాయతీ లేకపోవడం వల్ల ఆ నీళ్లు ఆగలేదు.

వాళ్లు వేసే మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: సర్పంచ్ మీవాళ్లే కదా?

అవును, మా సర్పంచ్ ఎస్సీ మహిళ. ఆ సభలో ఆమె కుర్చీ మధ్యలోనే వేశారు. మైకు మాత్రం ఉప సర్పంచ్ చేతిలో ఉంది. ఆయన డొంక పక్క ఆసామికి సొంత తమ్ముడు. ఆమె నాట్లకు వెళ్లేది ఆయన చేలోకే. రిజర్వేషన్ ఆమెకు కుర్చీ ఇచ్చింది, కూలి ఇచ్చే చెయ్యి మారలేదు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలంది. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది. ఉప సర్పంచ్‌ను వార్డు సభ్యులు ఎన్నుకుంటారు, ఆ పదవికి రిజర్వేషన్ లేదు. రిజర్వుడు సర్పంచ్ ఉన్న ఊళ్లో ఆ రెండో సంతకం ఎవరి చేతికి వెళ్లిందో లెక్క తీయండి. ఇక కుర్చీని నిజంగానే వాడుకోవాలనుకుంటే ఏం జరుగుతుందో మధురై దగ్గర మేలవళవులో చూశాం. ఎస్సీ రిజర్వుడు పంచాయతీకి అధ్యక్షుడిగా ఎన్నికైన మురుగేశన్‌ను, ఆయనతో ఉన్న దళితులను 1997 జూన్ 30న పట్టపగలు బస్సు ఆపి చంపారు.

రెండో ప్రశ్న: దారి లేని బాధ అందరికీ ఉంటుంది, ఇందులో కులం ఎందుకు తెస్తారు?

మేం తేలేదు. మా ఊళ్లో రెండు శ్మశానాలున్నాయి. ఊరి శ్మశానానికి సిమెంటు రోడ్డు ఉంది, ప్రహరీ ఉంది, చేతిపంపు ఉంది, కూర్చోవడానికి రేకుల షెడ్డు ఉంది. మా దొడ్డికి గట్టు ఉంది. ఊరి మురుగు కాలవ ఎక్కడికి పోతుందో చూడండి. పల్లెను పల్లంలో పెట్టారు కాబట్టి వాలు మా వైపే ఉంటుంది. ఊరి మురుగు మా ఇళ్ల మధ్య నుంచి వెళ్తుంది, మా మురుగు ఎవరి ఇంటి ముందు నుంచీ వెళ్లదు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఇచ్చారు. ఆ డబ్బు ఏ వీధిలో ఎంత ఖర్చయిందో వీధివారీగా బోర్డు పెట్టమని అడిగాను. గ్రామం మొత్తం లెక్క మాత్రమే ఉంటుంది, వీధివారీగా ఉండదన్నారు. గ్రామం మొత్తం అనే అంకె కింద పల్లెను దాచేస్తారు. వాళ్లు లెక్కలో దాచిన కులాన్ని మేం అర్జీలో బయటికి తీస్తే, కులం తెచ్చింది మేమే అవుతాం.

మూడో ప్రశ్న కొంచెం తగ్గిన గొంతుతో వస్తుంది: మీ పల్లెలో చర్చి ఉంది కదా, మీరు ఎస్సీలెలా అవుతారు?

మా అర్జీలో అట్రాసిటీ చట్టం మాట రాయగానే ఇది వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వును ఊళ్లో ఎవరూ చదవలేదు, కానీ దాన్ని ఎప్పుడు వాడాలో అందరికీ తెలుసు. నాట్లకు పిలిచేటప్పుడు, పశువు చస్తే కబురు పెట్టేటప్పుడు, డప్పు కావాలన్నప్పుడు మా మతం ఎవరికీ గుర్తు రాదు. హక్కు అడిగినప్పుడే మేం ఏ గుడికి వెళ్తామో విచారణ మొదలవుతుంది. డొంక దున్నేసిన నాగలి మాత్రం చర్చికి వెళ్లేవాళ్ల దారినీ పోలేరమ్మకు మొక్కేవాళ్ల దారినీ వేరు చేయలేదు.

దయ తీసేసిన అర్జీ

మండలాఫీసు బయట అర్జీలు రాసే ఒక పెద్దాయన ఉంటాడు. మా ఏడు అర్జీలూ ఆయనే రాశాడు. అన్నిటికీ ఒకటే మొదలు, ఒకటే ముగింపు. "తమరి దివ్య సముఖమునకు", "తమరు దయతలచి", "తమ మేలు మరువము". ఆయన తప్పు కాదు. రాజుల కాలం నుంచి అర్జీ అలాగే రాస్తున్నారు. అర్జీ పెట్టేవాడు రైతో కూలీయో, పుచ్చుకునేవాడు దొర. కానీ ఈ రాతలో ఒక మోసం ఉంది. దయ అడిగితే దయ లేదనే హక్కు అవతలివాడికి వస్తుంది.

ఎనిమిదో అర్జీ నేను రాశాను. దయ తీసేశాను. సర్వే నంబరు, డొంక వెడల్పు, ఎఫ్ఎంబీ నకలు పెట్టాను. శ్మశానాల నిర్వహణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ విధి అని రాశాను. 15(2) అధికరణంలో రోడ్ల మాట ఉందని, 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదని రాశాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు సెక్షన్ 3(1)(జెడ్ఏ) చేర్చారు. శ్మశానాన్ని ఇతరులతో సమానంగా వాడుకోనివ్వకపోవడం, దారికి అడ్డు తగలడం నేరమని అందులో ఉంది. అదే చట్టంలో సెక్షన్ 4 ఉంది. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి ఆ చట్టం కింద చేయాల్సిన విధిని కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష పడొచ్చు. ఇవన్నీ రాసి, కింద 43 మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టించి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాం.

తహసీల్దార్‌కి కోపం వచ్చింది. "చదువుకున్నావు కదా, ఊరిని ఎందుకు చెడగొడతావు" అన్నాడు. కానీ పది రోజుల్లో సర్వేయర్ వచ్చాడు. మే నెల, చేలు ఖాళీగా ఉన్నాయి. గొలుసు లాగారు. రికార్డులో ఉన్న డొంక నేల మీద దొరికింది. రాళ్లు పాతారు. మూడేళ్లుగా కుదరని పని ఒక్క పూటలో అయింది. కాబట్టి ఇన్నాళ్లూ అడ్డం నిలిచింది పంట కాదు, చట్టం లేకపోవడమూ కాదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది గెలుపు కథ అయ్యేది. జూన్ నెలాఖరుకి రాళ్లలో సగం లేవు. జూలైలో డొంక అంచుల్లోకి మళ్లీ నాగలి దిగింది. రాళ్లు ఎవరు తీశారో తెలియదని వీఆర్వో రాశాడు. నాట్లు మొదలయ్యాక మా అమ్మకు కబురు రాలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆమె పని చేసిన ముఠాలో ఆమె పేరు తీసేశారు. మేస్త్రి మా బంధువే. "నేనేం చేసేదక్కా, నిన్ను తెస్తే ఎవరినీ రావద్దన్నారు" అన్నది. సాంఘిక, ఆర్థిక వెలి కూడా అదే 2015 సవరణలో నేరమే. 1947లో రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లోనే అంబేడ్కర్ వెలిని నేరంగా చేయాలని అడిగాడు. కానీ ఫోన్ రాకపోవడాన్ని ఏ కాగితం మీద రుజువు చేస్తాం?

అర్జీ వెనక్కి తీసుకుందామా అని అమ్మను అడిగాను. నేను హాస్టల్లో ఫెలోషిప్ తింటూ పోరాడుతున్నాను, ఆమె పని పోగొట్టుకుని పోరాడుతోంది. ఆ ధైర్యం నాది కాదని ఒప్పుకోవాలి. "పని పక్కూళ్లో దొరుకుద్ది నాయనా. చచ్చినాక పోయే దారి పక్కూళ్లో దొరకదు గదా" అంది. ఇప్పుడు ఆమె ఆటోలో వేరే ఊళ్ల నాట్లకు వెళ్తోంది. తొమ్మిదో అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమెదే.

మనం అడగాల్సినవి

గ్రామాన్ని నమ్మొద్దన్న అంబేడ్కర్ మాటను, గ్రామాన్ని వదిలేయమన్న మాటగా మనం చదువుకున్నాం. మనలో చాలామందిమి అలాగే బయటపడ్డాం. కానీ అమ్మానాన్నలు అక్కడే ఉన్నారు, సమాధులు అక్కడే ఉన్నాయి. వదిలేసిన చోట రాజ్యాంగం దానంతట అది నడిచి వెళ్లదు. అందుకని కొన్ని స్పష్టమైన కోరికలు పెడుతున్నాను.

అర్జీ ఎవరి మీద ఉందో ఆ అధికారికి, ఆ స్థాయికి విచారణ పంపకూడదు. అర్జీ పరిష్కారమైందని రాయాలంటే అర్జీదారుకు ఆ నివేదిక చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే సంతకం తీసుకోవాలి. ఏడాదిలో కనీసం ఒక గ్రామసభ ఎస్సీ, ఎస్టీ వాడల్లో జరగాలి, అధికారులే నడిచి రావాలి. వచ్చిన ప్రతి సమస్యనూ సభలోనే మినిట్స్‌లో రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించుకోవాలి. ఆర్థిక సంఘం నిధులు, ఉపాధి హామీ పనులు, ఉప ప్రణాళిక నిధులు ఏ వీధిలో ఎంత ఖర్చయ్యాయో పంచాయతీ గోడ మీద రాయాలి. ఎస్సీ శ్మశానాలకు, వాటి దారులకు మండలంవారీగా సర్వే చేసి హద్దు రాళ్లు వేయాలి, రాళ్లు తీసినవాళ్ల మీద కేసు పెట్టాలి. సెక్షన్ 4ను పుస్తకంలో నుంచి బయటికి తీయాలి.

పరిశోధక మిత్రులకు ఒక మాట. మీ ఊరి గ్రామసభ మినిట్స్ ఎప్పుడైనా చూశారా? సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత అయిదేళ్ల నకళ్లు తీసుకోండి. మీ వాడ నుంచి సమస్యలు లేవని ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టండి. మీ అమ్మ వేలిముద్ర దేని కింద ఉందో వెతకండి. సెలవులకు వెళ్లినప్పుడు అర్జీలు రాసేవాళ్ల పక్కన కూర్చుని, దయ అని ఉన్న చోట సెక్షన్ నంబరు రాయండి. నకలు మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. మన పేపర్లు చదివేవాళ్లు పదిమంది ఉంటారు. ఆ నకలు పల్లెలో ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంటుంది, తర్వాతి అర్జీకి ఆధారమవుతుంది.

అధికారులకు కూడా ఒక మాట. ఊళ్లో మాట్లాడుకుని రండి అని మళ్లీ మాకు చెప్పొద్దు. ఊళ్లో మాట్లాడుకుంటే తేలేదైతే మీ దాకా వచ్చేవాళ్లం కాదు. ఊరితో మాట్లాడాల్సింది మీరు, చట్టం చేతిలో పట్టుకుని. మళ్లీ వానాకాలం వస్తుంది, మళ్లీ నాట్లు పడతాయి. మా పల్లెలో ముసలివాళ్లు చాలామంది ఉన్నారు.

జై భీమ్.